ఒకటవ నెంబరు రోగి

తొండమున విఘ్నముల నెల్లఁ దుడిచివైచి
భక్తకోటినిఁ గాపాడు భవ్యచరిత!
లెక్కలన్నియు మఱచిన, లిపులు సెడిన,
మమ్ము నీపద్దునందుండి మాపకయ్య!

అని ఏకదంతునికి మ్రొక్కి, ఆ స్వామి ఒకనాడు తానే రోగిగా నిలిచి నడిపించిన చిన్న కథను చెప్పబూనుతున్నాము. ఇందులో తప్పులుంటే మానవులవి; ఒప్పులుంటే ఆయనవి.

నేరేడ్‌మెట్‌లో కూరగాయల బండ్లు ఆగే మలుపు దాటగానే ‘ఆర్తత్రాణ నర్సింగ్ హోమ్’ అనే బోర్డు కనబడుతుంది. ఆ పేరు పెట్టినవారు రాఘవేందర్ గారు. ఆ పేరు నోరు తిరగక జనులు దానిని ‘కల్పలత డాక్టరమ్మ దవాఖాన’ అంటారు. అక్కడ వైద్యం ఆయన భార్య కల్పలత గారిది; పరిపాలన ఆయనది. అనగా, ఆమె రోగులను చూస్తారు. ఆయన గోడ గడియారాన్ని, దాని కింద వ్రేలాడే పంచాంగాన్ని చూస్తారు.

ఆనాడు మంగళవారంతో కూడిన చవితి. తెల్లవారుతూనే దవాఖాన గుమ్మం పక్క గూటిలోని విఘ్నేశ్వరునికి అభిషేకం చేసి, ఉండ్రాళ్ళు నివేదించి, తరువాత మోండా మార్కెట్‌కు పోయి లేత గరిక తెచ్చి, సావకాశంగా అర్చన చేయవలెనని రాఘవేందర్ గారి సంకల్పం. అభిషేకమూ నివేదనా నిర్విఘ్నంగా ముగిసినవి. సంచి చేతబట్టి స్కూటర్ తాళంచెవి వెదుకుతుండగా వెనుకనుండి సతీమణి కంఠం వినబడింది.

"ఏమండి, ఆ సంచి అక్కడ పెట్టుండ్రి."

"గరిక తేవద్దా?"

"గరిక సాయంత్రం సుత దొరుకుతది. ఇన్సూరెన్స్ కంపెనీ ఆయన మధ్యాహ్నం వస్తున్నడు. నిన్న ఫోన్‌ల వాళ్ళు ఏం చెప్పిండ్రో యాదికున్నదా?"

యాదికి లేకపోవడమేమి? ఆ కంపెనీ వారి గుర్తింపు కోసం కల్పలత గారు మూడేండ్లుగా ఎదురు చూస్తున్నారు. ఆరోగ్య కార్డులున్న వృద్ధులు ఆయాసపడుతూ ఆ గడప దాకా వచ్చి, ఇక్కడ కార్డు చెల్లదని విని, మళ్ళీ ఆటో ఎక్కి పోతుంటే చూడడం ఆమెకు దినదినమూ గుండెకోత. పోయినసారి తనిఖీలో ‘లెక్కలు శుభ్రంగా లేవు’ అని తిప్పి పంపినారు. ఈసారి ముందే ఫోన్ చేసి, బిల్లుల కంప్యూటర్‌లో ఉన్న పనికిరాని రికార్డులన్నీ తీసివేయండని చెప్పినారు.

"అన్నిట్ల కంటె ముందుగాల మీ ఒకటో నెంబర్ పేషెంట్‌ను తీసెయ్యాలె," అన్నారు కల్పలత గారు. "పదకొండేండ్ల సంది రోజూ వస్తున్నడు, ఆదివారం లేదు, పండుగ లేదు, ఏం రోగం ఆయనకు అని అడిగిండ్రు. ఏం చెప్పాలె నేను?"

"ఆయనకు రోగమేంది? రోగాలు పోగొట్టేటోడే ఆయన."

"గట్లనే కంపెనీ ఆయనతోని సుత అనుండ్రి, సంబురపడుతడు! చూడుండ్రి, ఈసారి సుత మంజూరు కాలేదనుకోండ్రి, రేపటి సంది మీరు ఆ ఆఫీస్ కుర్చీల కూసునుడు బంద్. ఇంట్ల కూసోని జపం చేసుకోండ్రి."

ఆ కుర్చీ రాఘవేందర్ గారికి ప్రాణసమానం. పదకొండేండ్లుగా దానిమీద వారు పరచుకున్న పట్టు శాలువ, చేతికందేటట్లు పెట్టుకున్న విభూతి డబ్బా, కాలికందేటట్లు పెట్టుకున్న పీట అన్నీ ఆయనను చూచి మౌనంగా నిట్టూర్చినట్లు తోచింది. సంచి కొక్కేనికి తగిలించినారు.

ఒకటవ నెంబరు రోగి ఎవరో చదువరులు ఈపాటికి గ్రహించి ఉంటారు. రాఘవేందర్ గారి తండ్రి మోండా మార్కెట్‌లో పసుపు, కుంకుమ అమ్మినవారు. కొత్త పద్దు పుస్తకం తెరిస్తే మొదటి వరుస దేవునిది, మనుషులు ఆ తరువాత. ఇది వారింటి ఆచారం. దవాఖానకు బిల్లుల సాఫ్ట్‌వేర్ పెట్టిననాడు దానిని అమర్చవచ్చిన అబ్బాయి, "సార్, మొదటి పేషెంట్ పేరు కొట్టండి," అన్నాడు. మానవమాత్రుని పేరు మొదట ఎక్కించడానికి రాఘవేందర్ గారికి చేయి రాలేదు. స్నానం చేసి, మడి కట్టుకొని వచ్చి, ఒక్క వేలితో ‘విఘ్నేశ్వరస్వామి’ అని కొట్టినారు. యంత్రం అంతటితో ఊరుకోలేదు. వయస్సు అడిగింది. ‘అనాది’ అంటే ఒప్పుకోలేదు. అంకెలే కావలెనన్నది, అవీ రెండే పట్టునన్నది. విధిలేక తొంభైతొమ్మిది అన్నారు. తండ్రి పేరు పరమేశ్వరుడు. రోగలక్షణం రాయక తప్పదన్నప్పుడు బహుసేపు ఆలోచించి, అసత్య దోషం రాకుండా ‘ఉదరము పెద్దది’ అని రాసినారు. ఆనాటినుండి ప్రతి ఉదయం తలుపు తీయగానే మొదటి బిల్లు ఆ స్వామి పేరనే, సున్నా రూపాయలకు, రాఘవేందర్ గారి స్వహస్తంతోనే. ఆ కాగితం గూటిలో స్వామి పాదాల చెంతకు చేరేది. ఆ తరువాతనే లోకులకు జ్వరాలు, దగ్గులు.

బిల్లుల బల్ల వద్ద కూర్చునే మెహనాజ్ మౌలాలి నుండి వస్తుంది. నిదానస్తురాలు. రాఘవేందర్ గారు కుర్చీ లాగుకొని పక్కన కూర్చున్నారు.

"డిలీట్ కొట్టు, బిడ్డా."

"ఆగుండ్రి సార్. ముందుగాల బ్యాకప్ తీయాలె. ఒక్కసారి పోయిందంటే మళ్ళ రాదు. నకలు పక్కకు పెట్టుకున్నంకనే తీసుడు షురూ చేయాలె."

ఈ పద్ధతి రాఘవేందర్ గారికి ఎంతో నచ్చింది. నకలు చేరిన పెన్‌డ్రైవ్‌కు బొట్టు పెట్టి స్వామి గూటిలో ఉంచి వచ్చినారు. అటుపిమ్మట తొలగింపులు మొదలైనవి. సాఫ్ట్‌వేర్ నేర్పేటప్పుడు ఎవరో కొట్టిన ‘అఅఅఅ’ అనే రోగి పోయినాడు. ‘రాజు రాజు రాజు’ అనే రోగి పోయినాడు. ‘టెస్ట్’ అనే ఇంటిపేరు గల కుటుంబం సమూలంగా పోయింది. యంత్రం ప్రతిసారీ ‘నిజంగానా?’ అని అడుగుతుండెను. మెహనాజ్ ఔనని నొక్కుతుండెను. రాఘవేందర్ గారు ఒక్కొక్కరికి ‘కృష్ణార్పణం’ అంటుండిరి.

చివరకు ఒకటవ నెంబరు వచ్చింది.

"సార్, ఈయనకు పాత బిల్లులున్నయి కాబట్టి కారణం అడుగుతుంది. నాలుగే కారణాలు. ఒకటి నొక్కకుంటే ముందుకు పోదు."

"చదువమ్మా."

"మొదటిది, ఒకే మనిషి రెండుసార్లు ఎక్కిండు."

"స్వామి ఒక్కడే. రెండో ఆయన యాడికెల్లి వస్తడు?"

"చవితికి గల్లీకొక్కరు ఉంటరు గద సార్?"

"రూపాలు వేరు బిడ్డా, తత్త్వం ఒక్కటే. అది నొక్కితే అద్వైతానికే మోసం. రెండోది?"

"ఉత్తగ, నేర్చుకుందామని ఎక్కించింది."

"ఉత్తగనా? మడి కట్టుకోని ఎక్కించిన! మూడోది?"

మెహనాజ్ తెర వైపు చూచి, ఆయన వైపు చూచి, చున్నీ సరిచేసుకున్నది. "మూడోది వద్దు సార్."

"చదువు, ఫరవాలేదు."

"పేషెంట్ చనిపోయిండు."

"శివ శివా!" అని రాఘవేందర్ గారు రెండు చెవులూ మూసుకున్నారు. కొడుకును గురించిన ఇంత మాటకు తండ్రినే పిలిచితినే అని స్ఫురించి మరింత నొచ్చుకున్నారు.

"నాలుగోది ఒక్కటే మిగిలింది సార్. వేరే దవాఖానకు పంపినం."

ఆయన ముఖం దీపం వెలిగించినట్లయింది. "గిదీ మాట! పూజ అయినంక స్వామిని ఆయన చోటికి సాగనంపుతం. ఉద్వాసన అంటరు. శాస్త్రంల ఉన్నదే. గిదే నొక్కు."

"యాడికి పంపినమో సుత చెప్పాలె సార్. సికింద్రాబాద్ పెద్ద దవాఖాన పేరు ఒక్కటే చూపెడుతుంది."

"కైలాసం లేదా?"

"లేదు సార్."

"సరే, ఆయన లేని చోటేది? గదే కానీ. జెర ఆగు, ఉత్తగ నొక్కవద్దు. విధి ఉన్నది."

అక్షతలు తెచ్చినారు. కన్నులు మూసుకొని ఉద్వాసన మంత్రం చదివినారు. ఉద్వాసన చెప్పేటప్పుడు మూర్తిని కొద్దిగా ఉత్తర దిక్కుకు జరపడం ఆచారం. గూటిలోని రాతి మూర్తి సిమెంటుతో అతికినది, కదలదు. అందుచేత స్వామి పద్దు ఏ పెట్టెలో ఉన్నదో ఆ పెట్టెను జరపడమే న్యాయమని నిశ్చయించుకొని, మెహనాజ్ మీట నొక్కిన మరుక్షణం, ఆయన కంప్యూటర్ పెట్టెను రెండు చేతులా పట్టి భక్తితో ఉత్తరానికి జరిపినారు. గోడలోని తీగకు అంత భక్తి లేదు. ఊడి వచ్చింది. తెర నల్లబడింది.

"యా అల్లా! సార్, గదెందుకు గుంజిండ్రు?"

"స్వామి బయలెల్లిండమ్మా," అన్నారాయన, నల్లని తెరకు నమస్కరిస్తూ.

మళ్ళీ తీగ పెడితే యంత్రం లేచింది కాని, ‘నన్ను నేను సవరించుకుంటున్నాను, ఆర్పవద్దు’ అని ఒక నీలి పలక చూపి, మరి పలుకలేదు. అది పలుకకపోవడం వల్ల, ఆరిపోయే ముందు తాను చేసిన పని ఏమిటో వీరికి తెలియలేదు. ఒక రోగిని పెద్ద దవాఖానకు పంపుతున్నామని మీట నొక్కితే, ఆ దవాఖాన అత్యవసర విభాగానికి దానంతటదే వర్తమానం పోతుంది. పోయింది కూడా. ‘విఘ్నేశ్వరస్వామి, పురుషుడు, తొంభైతొమ్మిదేండ్లు, ఉదరము పెద్దది, పదకొండేండ్లుగా ప్రతిదినం చికిత్స’ అని.

కొంతసేపటికి బల్లమీది ఫోన్ మ్రోగింది. రాఘవేందర్ గారు ఎత్తినారు.

"నేను సిస్టర్ బ్యూలాను సార్. మీ విఘ్నేశ్వరస్వామి గురించి మాట్లాడాలె."

రాఘవేందర్ గారు కుర్చీలోనుండి లేచి నిలబడినారు. ఇది నిశ్చయంగా కంపెనీ వారే. ఒకటవ నెంబరు ఎవరో వారికి తెలిసిపోయింది. ఇక దాచి ఫలమేమి? సత్యమే పలుకవలె.

"అడుగమ్మా. దాచేదేం లేదు."

"ఇప్పుడు స్పృహల ఉన్నడా?"

"ఆయన ఎప్పుడూ స్పృహల్నే ఉంటడు తల్లీ. మనమే ఉండం."

"పొద్దున ఏమన్న తిన్నడా?"

"ఇరవై ఒక్క ఉండ్రాళ్ళు. నేనే పెట్టిన."

"గా కడుపుతోని ఇరవై ఒకటా? లేచి జెర తిరుగుతుండా?"

"తిరుగుడేంది? పెట్టినకాన్నుంచి కూసున్న జాగల్నే ఉన్నడు. కదలకుండ సిమెంట్ సుత వేయించిన."

"ఏం వేయించిండ్రు?"

"సిమెంట్ తల్లీ. గట్టిగ ఉండాలె గద."

"స్నానం?"

"రోజూ నేనే పోస్త, ఆరుబయటనే. చలికాలమైనా చన్నీళ్ళే."

"రాత్రిపూట పక్కన ఎవరుంటరు?" సిస్టర్ గొంతు వణికింది.

"ఎవ్వరుండరు. ఎలుక ఒక్కటి ఉంటది."

"సార్, మీరు ఆయనకు ఏమైతరు?"

"దాసుణ్ణి తల్లీ."

"కదలకుండ అక్కడనే ఉండుండ్రి. మేమే వస్తున్నం," అని ఆమె ఫోన్ పెట్టివేసింది.

రాఘవేందర్ గారు తేటపడిన మనస్సుతో మెహనాజ్ వైపు తిరిగినారు. "కంపెనీ ఆమె. అంత సాఫ్ చెప్పిన. మంచిగ విన్నది. గొంతు సుత బొంగురుపోయింది పాపం, భక్తితోని."

ఆలోగా జనం చేరినారు. కంప్యూటర్ మౌనవ్రతంలో ఉన్నందున రాఘవేందర్ గారే చీటీల మీద నెంబర్లు వేసి పంచసాగినారు. తెల్లచొక్కా, చేతిలో ఒక ఫైలు గల పెద్దమనిషి వచ్చి చుట్టూ చూస్తుండగా, "సీరియల్ వచ్చినంక పిలుస్తం, కూసోండ్రి," అని ఆయనకూ ఒక చీటీ ఇచ్చి బెంచీ చూపినారు. ఆ బెంచీ మీద మౌలాలి రైల్వే కాలనీకి చెందిన ఫరూఖ్ సాబ్, షుగర్ పరీక్ష కోసం పరగడుపున వచ్చి, నీరసంతో నిద్రలోకి జారి ఉన్నారు. నెరసిన గడ్డం, నిండైన పొట్ట. పక్కన ఆయన భార్య మాబూబీ జపమాల తిప్పుకుంటున్నది. తెల్లచొక్కా పెద్దమనిషి వారి పక్కన ఒదిగి కూర్చున్నాడు.

అంతలో వీధి దద్దరిల్లేటట్లు అంబులెన్స్ వచ్చి ఆగింది. ముందు సిస్టర్ బ్యూలా దిగింది, యుద్ధానికి దిగినట్లు. వెనుక పర్వతాలు అనే డ్రైవర్, సహాయకునితో స్ట్రెచర్ దించుకొని లోపలికి జొరబడినాడు.

"ఏడి ముసలాయన? తొంభైతొమ్మిదేండ్లు, కడుపు పెద్దది?"

జవాబు కోసం ఆగే అలవాటు పర్వతాలుకు లేదు. బెంచీ వైపు చూచినాడు. గడ్డం సరిపోయింది, పొట్ట సరిపోయింది, కదలకపోవడం సరిపోయింది. ఇద్దరూ కలిసి ఫరూఖ్ సాబ్‌ను అమాంతం ఎత్తి స్ట్రెచర్ మీద పరుండబెట్టి పట్టీలు బిగించసాగినారు.

"ఓ భయ్! ఏడికి తీస్కపోతున్నవ్ మా ఆయన్ని?" అని మాబూబీ లేచింది. "ఆయనకు ఇంక డెబ్బై సుత నిండలే!"

ఫరూఖ్ సాబ్ కన్నులు తెరిచి, పైకప్పు కదలిపోవడం చూచి, వినయంగా అడిగినారు. "బేటా, షుగర్ టెస్ట్‌కు గింత ఇంతజామా?"

"భయపడకు తాతా, గా ఎలుకల కొంప నుంచి బయట పడ్డవ్," అని పర్వతాలు ఓదార్చినాడు.

"ఎలుకలా?" అని వెనుక బెంచీలోని ఒక స్త్రీ కాళ్ళు పైకి తీసుకున్నది. ఆమెను చూచి వరుస వరుసంతా కాళ్ళు పైకి తీసుకున్నది. కేకలు విని కల్పలత గారు మెడలో స్టెతస్కోపుతో గదిలోనుండి వచ్చేసరికి, తమ దవాఖానలో ఒక్కరి పాదమూ నేలమీద లేదు. ఒక రోగి స్ట్రెచర్ మీద గుమ్మం దాటిపోతున్నాడు.

మెహనాజ్ పరుగున పోయి స్ట్రెచర్‌కు అడ్డం నిలిచింది. "అన్నా, దించు! ఈయన ఫరూఖ్ చాచా. మా గల్లీనే. మీరు అడిగే పేషెంట్ ఈయన కాదు."

"మరి ఎవరు?" అన్నది బ్యూలా. "ఫోన్‌ల మాట్లాడినాయన ఎవరు? ముసలాయనను సిమెంట్ల కూసోబెట్టి, చలిల చన్నీళ్ళు పోసి, ఇరవై ఒక్క ఉండ్రాళ్ళు మింగించింది ఎవరు?"

"నేనే తల్లీ," అన్నారు రాఘవేందర్ గారు, చేతులు జోడించి. "మా నాయన సుత గట్లనే చేసేటోడు."

మాబూబీ జపమాల ఆగిపోయింది. కల్పలత గారు కన్నులు మూసుకున్నారు. బ్యూలా ముఖం కందగడ్డ అయింది.

"నడువుండ్రి. ఆయనను చూపెట్టుండ్రి."

రాఘవేందర్ గారు ముందు నడిచినారు. అందరూ వెనుక నడిచినారు. గుమ్మం పక్క గూటిలో, మందార పూవు తలమీద, పెన్‌డ్రైవ్ పాదాల చెంత, స్వామి చల్లగా కూర్చుండి ఉన్నాడు. ఎదుట పళ్ళెంలో ఉండ్రాళ్ళు. పక్కన రాతి మూషికం.

పర్వతాలు మెల్లగా చెప్పులు విడిచినాడు. బ్యూలా చేతిలోని కాగితం చూచి, స్వామిని చూచి, మళ్ళీ కాగితం చూచింది.

"కడుపు పెద్దది," అన్నాడు పర్వతాలు, ఒక్కొక్కటే సరిచూస్తూ. "కదలడు. సిమెంట్ ఉంది. ఎలుక ఉంది. ఒక్క అబద్ధం సుత చెప్పలే సిస్టర్ గీ సార్."

బ్యూలా పెదవి బిగబట్టింది. కోపమో, నవ్వో ఆమెకే తెలియదు. "సరే, పోదాం పా."

"గట్లెట్ల పోతం సిస్టర్? బండి ఉత్తగ పోతే నా మీద రాస్తరు. పేషెంట్‌ను ఎక్కియ్యాలె, లేకుంటే పేషెంట్ రానన్నడని రాయించుకోవాలె."

"పేషెంట్‌నెవరు అడుగుతరు?"

అడగడానికి పద్ధతి ఉన్నదన్నారు రాఘవేందర్ గారు. స్వామి తలమీది పూవు కుడి వైపు రాలితే సమ్మతి, రాలకుంటే అసమ్మతి. ఆయన కన్నులు మూసి, "స్వామీ, బండి వచ్చింది. పోతవా?" అని అడిగినారు. పర్వతాలు ఊపిరి బిగబట్టినాడు. బ్యూలా సైతం ఒక అడుగు ముందుకు వేసింది. స్ట్రెచర్ మీద పట్టీల బిగింపులో ఉన్న ఫరూఖ్ సాబ్ మెడ చాచినారు. పూవు కదలలేదు.

"రానంటుండు," అన్నాడు పర్వతాలు. బ్యూలా కలం తీసి రాసింది. ‘రోగి స్పృహలో ఉన్నాడు. రావడానికి నిరాకరించాడు.’

స్ట్రెచర్ ఖాళీ చేయించి, ఫరూఖ్ సాబ్‌కు క్షమాపణ చెప్పి, ప్రసాదంగా నాలుగు ఉండ్రాళ్ళు తీసుకొని బండి వెళ్ళిపోయింది. ప్రసాదం చూచి ఫరూఖ్ సాబ్ కూడా చేయి చాచినారు కాని, పరగడుపు పరీక్ష గుర్తుకు వచ్చి మాబూబీ ఆ చేయిని మడిచి వెనుకకు పెట్టింది.

అప్పుడు బెంచీ మీదినుండి తెల్లచొక్కా పెద్దమనిషి లేచినాడు. చీటీ చూపినాడు.

"నా సీరియల్ ఎప్పుడొస్తది? నేను హెన్రీని. ఇన్సూరెన్స్ కంపెనీ."

కల్పలత గారి ముఖంలో రక్తం లేదు. "మీరు... ఎప్పటి సంది ఉన్నరు?"

"ఎలుక కంటె ముందుగాల్నే వచ్చిన మేడం."

సరిగ్గా ఆ క్షణానికే కంప్యూటర్ వ్రతం చాలించింది. హెన్రీ బిల్లుల బల్ల వద్దకు నడిచినాడు. మెహనాజ్ పద్దులు తెరిచింది. మొదటి వరుసలో విఘ్నేశ్వరస్వామి చెక్కుచెదరక ఉన్నాడు. ఆ పక్కన ఎర్రని అక్షరాలు. ‘చేర్చుకునే దవాఖాన వారు రోగి వచ్చాడని ఒప్పుకునే వరకు ఈ రికార్డు తొలగదు.’

"రానన్నడు గద, ఇంక తొలగడు," అన్నది మెహనాజ్, ఎవరూ అడగకుండానే.

కల్పలత గారు కుర్చీ వైపు చూచినారు. రాఘవేందర్ గారికి ఆ చూపు చాలు. కుర్చీమీది శాలువ తీసి మడిచినారు. విభూతి డబ్బా జేబులో వేసుకున్నారు. పంచాంగం కోసం గోడ వైపు చేయి చాచి, "సాబ్, తప్పు నాది. దేవుణ్ణి లెక్కల్ల ఎక్కించింది నేను. డాక్టరమ్మకు దీంట్ల ఏం సంబంధం లేదు. ఆమె మందు మంచిది. గది చూసి రాయుండ్రి," అన్నారు. ఆయన గొంతు ఈసారి నిజంగానే బొంగురుపోయింది.

కల్పలత గారు తల తిప్పుకున్నారు.

హెన్రీ మాత్రం తెర మీదినుండి కన్ను తీయలేదు. ఒక నెల చూచినాడు, మరొక నెల చూచినాడు, ఏండ్లు వెనుకకు పోయినాడు. "ఎవ్వరు కొడుతరు ఈ సున్నా బిల్లు?"

"నేనే. తలుపు తీయంగనే."

"ఒక్క రోజు సుత తప్పలే."

"తప్పితే అరిష్టం గద."

హెన్రీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "డాక్టర్ గారు, నేను చాలా దవాఖానలు చూసిన. అంతట ఒక్కటే ఆట. లేని పేషెంట్‌ను తెచ్చి పాత తారీఖుల జొప్పిస్తరు. మీ దగ్గర ప్రతి దినం మొదటి బిల్లు ఈయనది, నెంబర్లు అన్నీ ఈయన వెనుక వరుసగ నడుస్తున్నయి. ఒక దొంగ బిల్లు జొరాలంటే ముందుగాల మర్నాడు మొదట కూసున్న ఈయనను జరపాలె." ఆగి, గుమ్మం వైపు చూచినాడు. "జరిపితే ఏమైతదో ఇప్పుడే చూసిన."

"మరి ఫోన్‌ల తీసెయ్యిమన్నరు గద సార్?" అన్నది మెహనాజ్.

"అది మా ఆఫీస్ పిల్లలు. రోజూ వచ్చే పేషెంట్ అంటే దొంగలెక్క అని వాళ్ళకు అనుమానం. నాకు సుత అనుమానమే. పట్టుకుందామనే, మధ్యాహ్నం అని చెప్పి పొద్దుగాల్నే వచ్చి, ఎవరో చెప్పకుండ చీటీ తీసుకోని కూసున్న." కాగితం మీద సంతకం చేసి, ముద్ర వేసి, కల్పలత గారి చేతికిచ్చినాడు. "మంజూరు. కాని రెండు షరతులు. ఒకటి, ఈ మొదటి బిల్లు ఏ దినం తప్పవద్దు, చెయ్యి మారవద్దు."

"ఏ దినమూనా?" అన్నారు రాఘవేందర్ గారు, మడిచిన శాలువతో. "వచ్చే నెల కాశీ పోదామనుకున్న సాబ్. టికెట్లు సుత..."

"ఏం కాశీ?" అన్నారు కల్పలత గారు. ఆయన చేతిలోని శాలువ తీసుకొని కుర్చీమీద తామే పరచినారు. "కూసోండ్రి. లేవకుండ్రి."

ఉదయం ఏ కుర్చీ పోతుందని ప్రాణం కొట్టుకున్నదో, ఆ కుర్చీలో రాఘవేందర్ గారు కూర్చున్నారు. ఇక కాశీ గాని, రామేశ్వరం గాని, బంధువుల పెండ్లి గాని, ఆదివారం పొద్దుటి నిద్ర గాని లేవు. గూటిలో స్వామికి ఎంత సిమెంటు ఉన్నదో, ఇప్పుడు తమకూ అంతే ఉన్నదని ఆయనకు తెలిసివచ్చింది.

"రెండో షరతు?" అన్నారు కల్పలత గారు.

"గిన్నేండ్ల సంది వస్తున్న పేషెంట్‌కు డాక్టర్ సలహా గడి ఖాళీ ఉంది మేడం. ఖాళీ ఉండరాదు."

దేవుడి ఊసు దవాఖానలోకి రానీయవద్దని పదకొండేండ్లుగా పోరాడిన కల్పలత గారు, గుమ్మం వైపు ఒకసారి చూచి, మెహనాజ్ లేచి ఇచ్చిన చోట కూర్చున్నారు. తడుముకోకుండా కొట్టినారు. ‘ఉదర పరిమాణం సహజం. మందులు అవసరం లేదు. ఉండ్రాళ్ళు యథాప్రకారం. రేపు మళ్ళీ రావలెను.’

ఈ ఒకటవ నెంబరు రోగి కథను చదివినవారికీ, చదివి వినిపించినవారికీ, పక్కన కూర్చుండి చెవియొగ్గినవారికీ ఆ గణనాథుడు దీర్ఘాయువునూ, ఎన్ని ఉండ్రాళ్ళనైనా జీర్ణించుకొనగల ఉదరాన్నీ ప్రసాదించుగాక. వారి పేర్లు ఏ దవాఖాన కంప్యూటర్‌లోనూ ఎక్కకుండుగాక. ఎక్కినా, నాలుగు కారణాలలో మూడవది నొక్కవలసిన అవసరం బహుకాలం రాకుండుగాక. స్వస్తి.